తెలుగు టైపింగ్‌కు మెకానికల్ కీబోర్డును మలచుకోవడం ఎలా: ఇన్‌స్క్రిప్ట్, వయల్, ఒక కనిపించని గుర్తు

క్యూఎంకే ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపల నడిచే, మనం మార్చుకోగల ప్రోగ్రాం) ఉన్న మెకానికల్ కీబోర్డు చేతికి రాగానే చాలామంది అడిగేది ఒకటే: "దీంట్లోకే తెలుగు ఎక్కించొచ్చా?" ఎక్కించే పని పెట్టుకోకండి. కీబోర్డు అక్షరాలు పంపదు, ఏ కీ నొక్కారో ఆ సంఖ్య మాత్రమే పంపుతుంది. దాన్ని ఇంగ్లిషు అక్షరం చేయాలా, తెలుగు అక్షరం చేయాలా అనేది విండోస్ లేదా లినక్స్ తేలుస్తుంది. అక్షరాల పని ఇన్‌స్క్రిప్ట్‌కు, అంటే విండోస్, లినక్స్‌లలో ఉండే ప్రామాణిక తెలుగు కీ అమరికకు, వదిలేయండి. ఇన్‌స్క్రిప్ట్ ఎక్కడ చేతిని సతాయిస్తుందో అక్కడే ఫర్మ్‌వేర్‌ను వాడండి.

అలాంటి చోట్లు ముఖ్యంగా రెండు. మొదటిది ఒత్వం. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్వం ( ొ ) ఉండేది ఒకటి అంకెకు ఎడమ పక్కనున్న బ్యాక్‌టిక్ కీ మీద. 60 శాతం, 65 శాతం సైజు కీబోర్డుల్లో ఆ చోట ఎస్కేప్ ఉంటుంది. అంటే హనుమకొండ అని రాయాలంటే ప్రతిసారీ ఎఫ్‌ఎన్ కీ పట్టుకోవాలి.

రెండోది మన ఊళ్ల పేర్లు. వరంగల్, కరీంనగర్, నిర్మల్, ఆదిలాబాద్, నిజామాబాద్, హుజూరాబాద్: ఈ దిక్కు చాలా పేర్లు పొల్లుతో ముగుస్తాయి. వాటికి లో, కు చేర్చగానే తర్వాతి హల్లు వత్తుగా కిందికి దిగుతుంది. "వరంగల్‌లో" అని రాయబోతే "వరంగల్లో" అవుతుంది. "నిర్మల్‌కు" కాస్తా "నిర్మల్కు" అవుతుంది. పొల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య కనిపించని గుర్తు ఒకటి పడాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ సంఖ్య 200సీ. ఇక్కడినుంచి దాన్ని నాన్ జాయినర్ అందాం. వార్తలు రాసేవాళ్లు, దరఖాస్తులు నింపేవాళ్లు దీన్ని రోజంతా వాడాల్సిందే. అందుకే దానికి చేతికందే కీ ఒకటి కావాలి.

కావలసినవి

- క్యూఎంకేతో పాటు వయల్ లేదా వయా పనిచేసే కీబోర్డు. ఏ కీ ఏం చేయాలో తెర మీదే మార్చుకునే ప్రోగ్రాములు ఇవి. పెట్టె మీద "ప్రోగ్రామబుల్" అనో "ఆర్‌జీబీ సాఫ్ట్‌వేర్" అనో ఉంటే సరిపోదు. కంపెనీ పేజీలో క్యూఎంకే, వయా అన్న పేర్లు స్పష్టంగా ఉండాలి. కీక్రాన్ క్యూ, వీ సిరీస్ వైర్డ్ బోర్డులకు క్యూఎంకే, వయా ఉన్నాయి. షాపులో కొంటుంటే మోడల్ పేరు ఫోన్‌లో వెతికి చూసుకున్నాకే డబ్బులు ఇవ్వండి.
- డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో కీబోర్డు లైట్లు వెలుగుతాయి, కంప్యూటర్‌కు మాత్రం కనిపించదు.
- క్రోమ్ లేదా ఎడ్జ్ బ్రౌజర్, లేదా వయల్ ప్రోగ్రాం. ఫైర్‌ఫాక్స్‌లో వయల్ వెబ్ పేజీ కీబోర్డును పట్టుకోలేదు.
- ఇంకో కీబోర్డు. ల్యాప్‌టాప్ అయితే దాని సొంత కీబోర్డే చాలు. డెస్క్‌టాప్ అయితే మామూలు యూఎస్‌బీ కీబోర్డు పక్కన పెట్టుకోండి.
- ఫర్మ్‌వేర్ మార్చాల్సివస్తే, మీ మోడల్‌కూ దాని వెర్షన్‌కూ సరిపోయే ఫైలు. ఒకే పేరుతో రెండు మూడు వెర్షన్లు వచ్చిన బోర్డులు ఉన్నాయి. సర్క్యూట్ బోర్డు మీద అచ్చేసిన వెర్షన్‌ను చూసి పోల్చుకోండి.

బ్లూటూత్ బోర్డుల్లో చాలావాటికి ఈ పద్ధతి పనిచేయదు. వాటిలో కొన్నింటికి జెడ్‌ఎంకే అనే వేరే ఫర్మ్‌వేర్ ఉంది, దాని దారి వేరు.

1. ముందు కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ పెట్టండి

విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు చేర్చండి. తర్వాత ఆ భాష ఆప్షన్స్‌లో కీబోర్డుల జాబితా చూడండి. ఫోనెటిక్ అని రాసి ఉన్నది వద్దు. అది కూడా జాబితాలో ఉంటే తీసేయండి, లేకపోతే విండోస్ స్పేస్ నొక్కిన ప్రతిసారీ మధ్యలో అదొకటి అడ్డొస్తుంది.

లినక్స్ గ్నోమ్‌లో అయితే ఇన్‌పుట్ సోర్సెస్‌లో "తెలుగు" అని మాత్రమే ఉన్నదాన్ని ఎంచుకోండి. కగప, సరళ అని పక్కన రాసినవి వేరే అమరికలు.

పరీక్ష: కే నొక్కితే క, డీ నొక్కితే పొల్లు, హెచ్ నొక్కితే ప రావాలి. అక్షరాల కింద సూచనల పెట్టె తెరుచుకుంటే మీరింకా ఫోనెటిక్‌లోనే ఉన్నట్టు.

2. కీబోర్డును వయల్ గుర్తిస్తుందో చూడండి

కీబోర్డు తగిలించి వయల్ తెరవండి. మీ బోర్డు బొమ్మ తెర మీద కనిపిస్తే నాలుగో మెట్టు వదిలేయొచ్చు. వయల్‌లో కనిపించకుండా వయాలో కనిపిస్తే, వయాతోనే ముందుకు సాగండి. ట్యాప్ డ్యాన్స్, కాంబోల వంటివి అందులో ఉండవు. ఈ పనికి అవి అక్కర్లేదు కూడా.

లినక్స్‌లో బోర్డు కనిపించకపోతే చాలాసార్లు కారణం అనుమతి లేకపోవడమే. వయల్ మాన్యువల్‌లో ఆ అనుమతి ఇచ్చే యూడెవ్ నియమం ఒకటి ఇచ్చారు. దాన్ని ఉన్నది ఉన్నట్టు టెర్మినల్‌లో వేసి, కీబోర్డు తీసి మళ్లీ పెట్టండి. రూట్‌గా వయల్ నడపడం పరిష్కారం కాదు.

3. ఉన్న అమరికను దాచుకోండి

ఫైల్ మెనూలో సేవ్ కరెంట్ లేఅవుట్ నొక్కి, ఆ ఫైలుకు "అసలుది" అని పేరు పెట్టి పక్కన పెట్టండి. వయల్ కీమ్యాప్‌లో మీరు చేసే మార్పు అప్పటికప్పుడే కీబోర్డులోకి ఎక్కుతుంది. వెనక్కి తీసుకునే బటన్ లేదు. తర్వాత ఏది చెడినా ఈ ఫైలే దిక్కు.

4. అవసరమైతేనే ఫర్మ్‌వేర్ ఎక్కించండి

వయల్, వయా రెంటిలోనూ బోర్డు కనిపించకపోయినా క్యూఎంకే ఉందని తెలిస్తే ఈ మెట్టు మీకే. చిప్‌ను బట్టి దారి మారుతుంది.

ఆర్‌పీ2040 చిప్ అయితే సులువు. బూట్ బటన్ పట్టుకుని కేబుల్ పెట్టండి. పెన్‌డ్రైవ్ లాగా ఒక డ్రైవ్ తెరుచుకుంటుంది. యూఎఫ్2 ఫైలును అందులో కాపీ చేయండి. డ్రైవ్ దానంతటదే మాయమైతే పని అయినట్టు. ఈ చిప్‌లో బూట్‌లోడర్ (కొత్త ఫర్మ్‌వేర్‌ను లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రాం) చెరగని చోట ఉంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా బోర్డు చావదు, మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఎస్‌టీఎం32 అయితే విండోస్‌లో క్యూఎంకే టూల్‌బాక్స్ కావాలి. మొదటిసారి తెరిచినప్పుడు డ్రైవర్లు ఇన్‌స్టాల్ చేయనివ్వండి. బోర్డును బూట్‌లోడర్‌లోకి పంపడానికి కేబుల్ తీసి, ఎడమ పైమూల కీ (ఎస్కేప్) పట్టుకుని తిరిగి పెట్టండి. చాలా బోర్డుల్లో ఇది పనిచేస్తుంది. ఇలా చేస్తే కీబోర్డులో దాచిన అమరిక చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. ఎస్కేప్‌తో కాకపోతే వెనక చిన్న రీసెట్ బటన్ ఉంటుంది. టూల్‌బాక్స్‌లో పసుపు రంగు లైను పడితే బోర్డు చిక్కినట్టు.

ఏటీమెగా32యూ4 ఉన్న పాత బోర్డుల్లో మొత్తం చోటు 32 కేబీ. బూట్‌లోడర్‌కు 4 కేబీ పోతే మిగిలేది 28. వయల్ హంగులన్నీ అందులో పట్టకపోవచ్చు. ప్రో మైక్రో రకమైతే రీసెట్ చేశాక బూట్‌లోడర్ 8 సెకన్లే ఆగుతుంది, కాబట్టి టూల్‌బాక్స్‌లో ఫైలు ముందే ఎంచి, ఆటో ఫ్లాష్ టిక్ పెట్టి, ఆ తర్వాతే రీసెట్ చేయండి.

వేరే మోడల్ ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే సాధారణంగా బోర్డు కాలిపోదు, కీలు మాత్రం తారుమారు కావచ్చు, అసలే పలకకపోవచ్చు. సరైన ఫైలుతో మళ్లీ ఎక్కిస్తే చాలు.

5. ఒత్వాన్ని చేతికి దగ్గర చేయండి

క్యాప్స్ లాక్ ఉన్న చోటు చాలా విలువైనది, ఏ సైజు కీబోర్డులోనైనా ఎడమ చిటికెన వేలికి పక్కనే ఉంటుంది. తెలుగులో దానితో పనేం లేదు. దాన్ని తట్టితే ఒత్వం, పట్టుకుంటే ఇంకో పొర అయ్యేలా చేద్దాం. పొర అంటే అవే కీలకు ఇంకో వరుస పనులు. లెక్క సున్నాతో మొదలవుతుంది: మామూలుది సున్నా పొర, మనం చేర్చేది ఒకటో పొర.

కీమ్యాప్‌లో సున్నా పొర ఎంచుకుని క్యాప్స్ లాక్ బొమ్మ మీద నొక్కండి. కింద లేయర్స్ ట్యాబ్‌లో ఎల్‌టీ 1 ఎంచుకోండి. అప్పుడు ఆ కీ మీద, పేరు కింద, చిన్న గడి ఒకటి ఖాళీగా కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి "తడితే ఏమీ రావట్లేదు" అంటారు. ఆ లోపలి గడి మీద విడిగా నొక్కి, బేసిక్ ట్యాబ్‌లోని బ్యాక్‌టిక్ కీ ఎంచుకోవాలి. వయాలో అయితే ఎనీ అన్న కీ నొక్కి, ఎల్‌టీ, బ్రాకెట్లో 1, కామా, కేసీ అండర్‌స్కోర్ జీఆర్‌వీ అని టైపు చేయాలి.

ఒకటో పొరలో ఇదే కీ ఉన్న చోటును ఖాళీ త్రికోణంగానే వదిలేయండి.

గ్రేవ్ ఎస్కేప్ అని ఒక తయారు కీ ఉంటుంది, అది చాలదా అంటారు. ఇంగ్లిషుకు చాలు, తెలుగుకు చాలదు. అది విడిగా తడితే ఎస్కేప్, షిఫ్ట్‌తో కలిపితే ఒ ఇస్తుంది. ఒత్వం కావాలంటే మాత్రం విండోస్ కీ కలపాలి. మనకు ఎక్కువ పడేది ఒత్వమే.

పరీక్షకు ఈ మాటలు రాయండి: హనుమకొండ, చొప్పదండి, కొత్తకొండ, మొక్కజొన్న, ఒగ్గు కథ. చివరి మాటలోని ఒ కోసం షిఫ్ట్ పట్టుకుని క్యాప్స్ తట్టాలి.

6. నాన్ జాయినర్ మాక్రో

విండోస్ తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో కంట్రోల్, షిఫ్ట్, 2 కలిపి నొక్కితే నాన్ జాయినర్ పడుతుంది. దాన్నే మాక్రోగా, అంటే ఒక్క కీ నొక్కితే కొన్ని కీలు వరుసగా నొక్కినట్టు అయ్యేలా, ఒక కీకి కట్టేద్దాం.

ముందు సెక్యూరిటీ మెనూలో అన్‌లాక్ నొక్కండి. వయల్ రెండు మూడు కీలు చూపిస్తుంది, పట్టీ నిండేదాకా వాటిని పట్టుకుని ఉండాలి. మధ్యలో వదిలితే మళ్లీ మొదటికి. తర్వాత మాక్రోస్ ట్యాబ్‌లో ఎం0 తెరిచి ఈ వరుసలో చర్యలు చేర్చండి:

డౌన్: ఎడమ కంట్రోల్
డౌన్: ఎడమ షిఫ్ట్
ట్యాప్: 2
అప్: ఎడమ షిఫ్ట్
అప్: ఎడమ కంట్రోల్

కింద సేవ్ నొక్కండి. కీమ్యాప్ మార్పులు వాటంతటవే దిగుతాయి కానీ మాక్రోలు సేవ్ నొక్కితేనే దిగుతాయి. అప్ చర్య ఒక్కటి మరిచినా కంట్రోల్ పట్టుకున్నట్టే ఉండిపోతుంది. ఆ తర్వాత మీరు టైపు చేసే ప్రతి అక్షరమూ ఏదో ఒక షార్ట్‌కట్ అవుతుంది. అలా ఇరుక్కుంటే కేబుల్ తీసి పెట్టండి.

లినక్స్‌లో దారి వేరు. గ్నోమ్ ట్వీక్స్‌లో అదనపు లేఅవుట్ ఆప్షన్లు తెరిచి, నాన్ బ్రేకింగ్ స్పేస్ భాగంలో "జీరో విడ్త్ నాన్ జాయినర్ రెండో స్థాయిలో" అన్న అర్థం వచ్చేది ఎంచుకోండి. ఇక షిఫ్ట్ స్పేస్ నొక్కితే నాన్ జాయినర్ పడుతుంది. మాక్రోలో డౌన్ షిఫ్ట్, ట్యాప్ స్పేస్, అప్ షిఫ్ట్ చాలు.

ఇప్పుడు కీమ్యాప్‌లో ఒకటో పొరకు వెళ్లి స్పేస్ బార్ మీద ఎం0 పెట్టండి. క్యాప్స్ పట్టుకుని స్పేస్ కొడితే నాన్ జాయినర్. రోజుకు పేజీలకు పేజీలు కొట్టేవాళ్లకు ఇది కూడా ఎక్కువే అనిపిస్తుంది. వాళ్లు సున్నా పొరలోనే కుడి ఆల్ట్ మీద ఎం0 పెట్టుకోవచ్చు, బొటనవేలికి నేరుగా అందుతుంది. కానీ ఇంగ్లిష్ ఇండియా లేఅవుట్‌లో రూపాయి గుర్తు కుడి ఆల్ట్, 4తోనే వస్తుంది. అది మీకు అవసరమైతే కుడి ఆల్ట్‌ను కుడి కంట్రోల్ చోటికి జరపండి.

7. తరచూ రాసే పేర్లు

మాక్రోలో టెక్స్ట్ అనే చర్య ఉంది. అందులో తెలుగు అక్షరాలు పేస్ట్ చేస్తే పనిచేయదు, ఇంగ్లిషు కీలే పెట్టాలి. ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉంటే అవే తెలుగు అవుతాయి. వరంగల్‌కు బీ, జే, ఎక్స్, ఐ, ఎన్, డీ, అన్నీ చిన్న అక్షరాలే. హనుమకొండకు యూ, వీ, జీ, సీ, కే, బ్యాక్‌టిక్, ఎక్స్, ఎడమ చదరపు బ్రాకెట్. శ్రీకి పెద్ద ఎం, ఆపైన చిన్న డీ, జే, ఆర్. ఒకటో పొరలో వీటిని ఏ కీల మీదైనా పెట్టుకోండి. శ్రీని ఎం మీద, హనుమకొండను యూ మీద పెడితే గుర్తుంటుంది.

క్ష, జ్ఞ, త్ర, శ్రలకు మాక్రోలు చేసేముందు షిఫ్ట్‌తో 5, 6, 7, 8 నొక్కి చూడండి. వస్తే ఇక మాక్రో ఎందుకు.

రెండు హెచ్చరికలు. వరంగల్ మాక్రో చివర నాన్ జాయినర్ కలపకండి. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేరు వేరు పేర్లు. ఎక్సెల్‌లో జిల్లా వారీగా లెక్క తీస్తే వరంగల్ రెండు వరుసలుగా చీలిపోతుంది. విభక్తి చేర్చేటప్పుడే గుర్తు పడాలి.

ఇంకా ముఖ్యమైనది: మీసేవ లాగిన్, బ్యాంకు పాస్‌వర్డ్, ఎవరి ఆధార్ సంఖ్య అయినా సరే, మాక్రోలో పెట్టకండి. కీబోర్డు ఎవరి చేతికి పోతే వాళ్లు నోట్‌ప్యాడ్ తెరిచి ఒక కీ నొక్కితే చాలు, మొత్తం బయటపడుతుంది.

8. తట్టడానికీ పట్టుకోవడానికీ తేడా సరిచేయండి

మామూలుగా 200 మిల్లీసెకన్లు దాటితే పట్టుకున్నట్టు లెక్క. నింపాదిగా టైపు చేసేవాళ్లకు ఒత్వం బదులు పొర మారి, "కొత్త" కాస్తా "కత్త" అవుతుంది. క్యూఎంకే సెట్టింగ్స్‌లో ట్యాపింగ్ టర్మ్‌ను 230 లేదా 250 చేయండి. పర్మిసివ్ హోల్డ్, హోల్డ్ ఆన్ అదర్ కీ ప్రెస్ రెండూ ఆఫ్‌లోనే ఉంచండి. అవి ఆన్ అయితే వేగంగా కొట్టేవాళ్ల చేతిలో ఒత్వం బదులు పొర మారిపోవచ్చు. వయాలో ఈ సెట్టింగులు మార్చే వీలు లేకపోతే క్యాప్స్‌ను గట్టిగా అదమకుండా ఠక్కున తట్టి వదిలే అలవాటు చేసుకోవాలి.

సరిగ్గా అయిందో లేదో చూడటం

మొదట కళ్లతో. "వరంగల్‌లో", "కరీంనగర్‌కు", "ఆదిలాబాద్‌లో" అని రాయండి. పొల్లు అక్షరం తలమీదే నిలవాలి, తర్వాతి హల్లు కింద వత్తుగా పడకూడదు. పొల్లు చోట డబ్బా లాంటి బొమ్మ కనిపిస్తే తప్పు ఫాంటుది. నిర్మలా యూఐ లేదా గౌతమిలో చూడండి.

తర్వాత లెక్కతో. వర్డ్‌లో "వరంగల్" రాసి, నాన్ జాయినర్ కొట్టి, ఇంగ్లిషుకు మారి ఆల్ట్ ఎక్స్ నొక్కండి. 200సీ అని పడితే గుర్తు సరిగ్గా ఉన్నట్టు. 0సీ4డీ అని పడితే అది పొల్లు సంఖ్య, నాన్ జాయినర్ అసలు పడలేదన్నమాట. మళ్లీ ఆల్ట్ ఎక్స్ నొక్కితే అక్షరం తిరిగొస్తుంది.

ఏదైనా కీ అసలే పలకకపోతే మ్యాట్రిక్స్ టెస్టర్ ట్యాబ్ తెరిచి (దీనికీ అన్‌లాక్ కావాలి) ఆ కీ నొక్కండి. అక్కడ వెలిగితే కీ మంచిదే, అమరికలో లోపం. వెలగకపోతే స్విచ్ తీసి చూడండి. స్విచ్‌లు ఊడదీసి పెట్టుకోగల హాట్‌స్వాప్ బోర్డుల్లో స్విచ్ కాలు వంగి పక్కకు మడతపడటం మామూలే. పట్టకారుతో నిటారుగా చేసి, నిలువుగా నొక్కి పెట్టండి.

ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు

నాన్ జాయినర్ కీ కొట్టినప్పుడల్లా భాష మారుతోందా? విండోస్‌లో కంట్రోల్ షిఫ్ట్‌తో లేఅవుట్ మారే షార్ట్‌కట్ ఆన్‌లో ఉంది. అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ తెరిచి దాన్ని తీసేయండి.

ఒకసారి పడి ఒకసారి పడకపోతే మాక్రోలో షిఫ్ట్ డౌన్ తర్వాత 20 మిల్లీసెకన్ల డిలే పెట్టండి. రిమోట్ డెస్క్‌టాప్‌లో పనిచేసేవాళ్లకు ఇది తప్పకపోవచ్చు.

ఎక్సెల్‌లో కంట్రోల్ షిఫ్ట్ 2 అంటే సెల్‌కు సమయం ఫార్మాట్ పెట్టమని. అక్కడ నాన్ జాయినర్ మొండికేస్తే నోట్‌ప్యాడ్‌లో రాసి అతికించండి.

మాక్రో కొడితే ఇంగ్లిషులో పిచ్చి అక్షరాలు వస్తున్నాయంటే ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో లేదు. మాక్రో మొదట్లోనే విండోస్ స్పేస్ చేర్చుదామనిపిస్తుంది. చేర్చకండి. అది భాషను మారుస్తుందే తప్ప తెలుగుకే తీసుకెళ్లదు. అప్పటికే తెలుగులో ఉంటే ఇంగ్లిషులోకి పోతారు.

క్యూఎంకేలోని యూనికోడ్ సౌకర్యంతో 200సీ నేరుగా పంపవచ్చు కదా అని ప్రయత్నించేవాళ్లూ ఉన్నారు. అది చేసేది ఆ సంఖ్యను ఒక్కో కీగా టైపు చేయడమే. ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉంటే సీ కీ మ అవుతుంది, సంఖ్య అక్కడే చెడుతుంది.

అను స్క్రిప్ట్ మేనేజర్‌తో పేజీలు కట్టే డీటీపీ వాళ్లకు ఆరో మెట్టు పనికిరాదు. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అక్కడ నాన్ జాయినర్‌కు చోటే లేదు. పొరలు, మాక్రోలు మాత్రం వాళ్ల లేఅవుట్ కీలతో చక్కగా పనిచేస్తాయి.

9. పూర్తయ్యాక

కొత్త అమరికను వేరే పేరుతో సేవ్ చేసి, ఆ ఫైలును మీ మెయిల్‌కు పంపుకోండి. అమరిక, మాక్రోలు కీబోర్డులోనే ఉంటాయి కనుక ఆఫీసుకు తీసుకెళ్లినా పనిచేస్తాయి. అక్కడి కంప్యూటర్‌లో ఒకటో మెట్టు మాత్రం మళ్లీ చేయాలి. ఇంట్లో లినక్స్, ఆఫీసులో విండోస్ అయితే నాన్ జాయినర్‌కు రెండు మాక్రోలు చేసి, ఒకటో పొరలో ఒకటి స్పేస్ మీద, ఇంకోటి దాని పక్క కీ మీద పెట్టుకోండి. ఫర్మ్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కిస్తే అమరిక చెరిగిపోవచ్చు. అప్పుడు ఫైల్ మెనూలో లోడ్ సేవ్డ్ లేఅవుట్ నొక్కి ఆ ఫైలు ఎక్కించి, ట్యాపింగ్ టర్మ్ మళ్లీ 200కు పోయిందేమో చూసుకోండి.